ఇంటి చదువుల జవాబుపత్రాలు వ్యాఖ్యలతో, వేళకు తిరిగి రావాలి

సంపాదకులకు,

నమస్కారం. పదో తరగతి స్థాయి చదువును ఇంటి దగ్గరే సాగిస్తున్న ఒక అమ్మాయి తల్లిగా ఈ లేఖ రాస్తున్నాను. బడికి వెళ్లని పిల్లలకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ (ఎన్‌ఐఓఎస్) పెద్ద ఆసరా. పద్నాలుగేళ్లు నిండినవారు సెకండరీ కోర్సులో చేరి, తెలుగు మాధ్యమంలోనే చదువుకుని, ఐదేళ్ల వ్యవధిలో తమకు వీలైనప్పుడు పరీక్షలు రాసుకోవచ్చు. ఆ వెసులుబాటు పట్ల నాకు కృతజ్ఞతే ఉంది. నా విన్నపమల్లా ఒక్కటే: పిల్లలు రాసి పంపిన అసైన్‌మెంట్‌ను దిద్దినవారు, ఎక్కడ తప్పు జరిగిందో రెండు మాటల్లో రాసి, పరీక్షకు ముందే తిరిగి ఇవ్వాలి.

తెలియని పాఠకుల కోసం కొంత వివరిస్తాను. ఈ విధానంలో పబ్లిక్ పరీక్షకు ముందు జరిగే మూల్యాంకనం ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్, అంటే టీఎంఏ. ఒక్కో సబ్జెక్టులో 20 మార్కులకు ఆరు ప్రశ్నలు ఉంటాయి. చివరిది చిన్న ప్రాజెక్టు. థియరీ ఫలితంలో దీని వాటా 20 శాతం. సిలబస్‌ను విభజించిన తరువాత సుమారు 40 శాతం పాఠాలు టీఎంఏకే పరిమితమయ్యాయి. పబ్లిక్ పరీక్షలో మిగిలిన 60 శాతం నుంచే ప్రశ్నలు వస్తాయి. కనుక ఆ 40 శాతం పాఠాల్లో పిల్లలకు ఏది బోధపడింది, ఏది పడలేదు అన్నది టీఎంఏ దిద్దినవారు చెప్పకపోతే ఇక చెప్పేవారే ఉండరు.

మా అమ్మాయి సైన్సు అసైన్‌మెంట్‌లో, నీళ్లు మరుగుతున్నంతసేపూ వాటి ఉష్ణోగ్రత పెరుగుతూనే ఉంటుందని రాసింది. అప్‌లోడ్ చేసే ముందు నేనూ చదివాను. మంట పెంచితే మరిగే నీళ్ల వేడి కూడా పెరుగుతుందని నేనూ ఇన్నేళ్లుగా అనుకుంటున్నదాన్నే కాబట్టి ఆ తప్పు నా కంట పడలేదు. కొన్ని వారాల తరువాత మేము చేరిన అధ్యయన కేంద్రం నుంచి తెలిసింది ఒక్క అంకె: 20కి 16. పోయిన నాలుగు మార్కులు ఎందుకు పోయాయని అడిగితే, మార్కులు పంపించేశాము, పేపర్లు చూపే పద్ధతి లేదు అన్నారు. చివరికి మా వీధిలో ఉంటున్న విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు మా దగ్గరున్న ప్రతిని ఓపికగా చదివి, మార్జిన్‌లో ఇలా రాశారు: ‘థర్మామీటరు పెట్టి చూడమ్మా. మరగడం మొదలయ్యాక అంకె ఎక్కడ ఆగిపోతుందో రాసుకో. మరి అప్పుడు పొయ్యి ఇస్తున్న వేడి ఎటు పోతోంది?’ ఆయన ఇచ్చిన ప్రయోగశాల థర్మామీటరుతో ఆ సాయంత్రమే వంటింట్లో చూశాము. గుప్తోష్ణం అంటే, ఉష్ణోగ్రతను పెంచకుండా నీటిని ఆవిరిగా మార్చడానికే ఖర్చయ్యే వేడి అని నా కూతురితో పాటు నాకూ అప్పుడే తెలిసింది.

బడిలోనైతే పక్క పిల్ల జవాబు చూసో, మరో మాస్టారు చెప్పగా వినో ఇలాంటి తప్పు ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఇంట్లో పాఠం చెప్పేదీ, నోట్సు దిద్దేదీ ఒక్క మనిషే అయినప్పుడు, ఆ మనిషికి తెలియని తప్పు పిల్లకు అలాగే సంక్రమిస్తుంది. అందుకే మూడో కన్ను మాకు అంత అవసరం. కొందరు దయతలచి అందరికీ పద్దెనిమిదో పందొమ్మిదో వేసి పంపుతుంటారు. తల్లిదండ్రులు సంతోషిస్తారు గానీ, పిల్లలకు దానివల్ల మేలు జరగదని నా గట్టి అభిప్రాయం.

గడువు లేదనడానికీ వీల్లేదు. ఏప్రిల్ పరీక్షలకు టీఎంఏలు మామూలుగా జనవరి 31లోగా, అక్టోబరు పరీక్షలకు జూలై 31లోగా ఇవ్వాలి. మధ్యలో రెండు నెలల పైచిలుకు సమయం ఉంటుంది. దిద్దే ఉపాధ్యాయులు బడి పని ముగించుకుని ఈ కట్టలు చేతపడతారని నాకు తెలుసు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వారికిచ్చే పారితోషికాన్ని వ్యాఖ్య రాసే శ్రమకు తగ్గట్టు పెంచాలి. పేపర్లు ఆన్‌లైన్‌లోనే అందుతున్నాయి కాబట్టి, దిద్దిన ప్రతి మూడు వారాల్లో విద్యార్థి లాగిన్‌లో కనిపించేలా చేయవచ్చు. తప్పిన ప్రతి జవాబు కింద ఒక్క వాక్యం ఉన్నా చాలు.

పిల్లల అవగాహనను, దాన్ని అన్వయించే శక్తిని నిరంతరంగా, సమగ్రంగా మూల్యాంకనం చేయాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించినదే అయినా, పదిహేనేళ్ల పిల్లకు ఆ అవసరం తీరిపోదు కదా. మన రెండు రాష్ట్రాల సార్వత్రిక విద్యాపీఠాలు కూడా ఈ విషయాన్ని పరిశీలించాలి. వచ్చే జనవరిలో అసైన్‌మెంట్లు పంపబోయే పిల్లలకైనా దిద్దిన ప్రతులు అందేలా అధ్యయన కేంద్రాలకు ఇప్పుడే ఆదేశాలు వెళ్లాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తల్లి,
కాకినాడ