మా అమ్మాయి సీటు వెనుక ఉన్నవారికి

మా అపార్ట్‌మెంటు వారికి, బెంగళూరు కృష్ణరాజపురంలో మమ్మల్ని ఎరిగిన వారందరికీ నమస్కారం.

కర్ణాటక ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీ రెండో విడత సీట్ల కేటాయింపులో మా అమ్మాయికి యూవీసీఈలో (యూనివర్సిటీ విశ్వేశ్వరయ్య ఇంజనీరింగ్ కాలేజీలో) సివిల్ ఇంజనీరింగ్ సీటు వచ్చింది. కె.ఆర్. సర్కిల్ దగ్గర, 1917లో విశ్వేశ్వరయ్యగారు పెట్టించిన కళాశాల అది. ఈ కబురు తెలిసినప్పటి నుంచి కనబడిన వారందరూ అడిగేది ఒకటే: "ఏ కోచింగులో చేర్పించారు?" దానికి జవాబు చెప్పి ఊరుకుంటే అసలు ఆదుకున్న వారి పేరెత్తకుండా పోయినట్టే అవుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందుగా మూడో అంతస్తు ఫిజిక్స్ మాస్టారికి. పీయూ (ఇంటర్) కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సొంతూరు ఆంధ్ర సరిహద్దులోని బాగేపల్లి పక్కన పల్లె కాబట్టి కన్నడ ఎంత ధారాళమో తెలుగూ అంతే. మా అమ్మాయి రాసిన నమూనా పరీక్ష ఓఎంఆర్ కాగితం (జవాబుల గుండ్రాలు నింపేది) చేతికిస్తే, ఆయన మార్కుల జోలికి పోలేదు. ముందు ఖాళీలు లెక్కపెట్టారు.

"ఇవెందుకు వదిలేశావమ్మా?"

"కచ్చితంగా తెలియలేదు సార్."

రోగం అక్కడ దొరికింది. కోచింగులో అమ్మాయికి అబ్బిన అలవాటంతా జేఈఈ మెయిన్‌ది. అక్కడ ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. సీఈటీలో కోత లేదు. తప్పు పెట్టినా సున్నాయే, వదిలేసినా సున్నాయే. ఈ సంగతి అమ్మాయికి తెలియక కాదు. తెలిసినా పెన్ను కదిలేది కాదు. మాస్టారు ఉపన్యాసం ఇవ్వలేదు. బల్ల మీద గడియారం పెట్టి రాయించారు. 60 ప్రశ్నలు, 80 నిమిషాలు. 70వ నిమిషం రాగానే "లెక్కలు ఆపు, ఖాళీలు నింపు" అనేవారు. అది కూడా గుడ్డిగా కాదు. వేగమంటే సెకనుకు ఇన్ని మీటర్లు, సెకన్లు గీత కింద ఉండాలి; వేగం అడిగిన ప్రశ్నకు ఒక జవాబులో సెకన్లు పైకెక్కి కూర్చున్నాయంటే దాన్ని అక్కడికక్కడే కొట్టేయాలి. ఇచ్చిన నాలుగు జవాబుల్లో అలా రెండు పోతే మిగిలింది రెండే. బ్లౌజులు కుట్టుకునే నాకే అర్థమయ్యేలా చెప్పారు.

ఇంకో విషయంలో కూడా ఆయనదే పట్టుదల. ఇంజనీరింగ్ ర్యాంకులో సగం సీఈటీ మార్కులది, సగం రెండో పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది) బోర్డు పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, లెక్కల మార్కులది. కోచింగుల వాళ్లు బోర్డు పరీక్షను పట్టించుకోనట్టే ఉంటారు, హోర్డింగుల మీద దానికి ఫొటో పడదు మరి! మాస్టారు మాత్రం సూత్రాలు ఎలా వచ్చాయో చూపే డెరివేషన్లు వరసగా రాయించి, బొమ్మలో బాణం గుర్తు లేకపోయినా వెనక్కి ఇచ్చేసేవారు. ఫీజు మాట ఎత్తితే, అరిగిన కాలరు తిప్పి కుట్టమని తన చొక్కాలు తెచ్చి నా మిషను మీద పెట్టారు. ఈ రోజుల్లో కాలరు తిప్పించుకునే వాళ్లు ఎంతమంది ఉన్నారు!

నాలుగో అంతస్తు తమ్ముడికి కృతజ్ఞతలు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి కూడా ఆదివారాలు కూర్చుని లెక్కల్లో సమాకలనం (ఇంటిగ్రేషన్) చెప్పాడు. నిద్ర కళ్లతో ఒక గుర్తు తప్పు వేస్తే మా అమ్మాయే దిద్దిందట. ఆ రోజు ఆవిడగారి ఆనందం చూడాలి.

కింది ఇంటి అక్కకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. పెళ్లిళ్ల కాలంలో నా మిషను రాత్రి దాకా ఆగదు, మాదేమో ఒకే గది ఇల్లు. అక్క తన ముందు గది ఖాళీ చేసి, టీవీ లోపలికి మార్చుకుంది. సీరియల్ చూసేటప్పుడు శబ్దం తగ్గించి చూసేదట. అక్కడితో ఆగలేదు. మా అమ్మాయి అర్జీ పెట్టిన ప్రభుత్వ కోటాలో సీటుకు కర్ణాటకలో కనీసం 7 ఏళ్లు చదివినట్టు రుజువు కావాలి. అమ్మాయి ఇక్కడ రెండు బడులు మారింది. ఒక బడి ఆఫీసులో రేపు రండి, ఎల్లుండి రండి అంటుంటే, అక్క వచ్చి కన్నడలో ఎంత మర్యాదగా మాట్లాడిందో, అంత గట్టిగా కుర్చీలో కూర్చుంది. కాగితం చేతికి వచ్చాకే లేచింది.

ఏ కాలేజీ కావాలో వరసగా ఆప్షన్లు పెట్టే రోజు అందరూ మా ఇంట్లోనే. నిరుడు ఏ ర్యాంకుకు ఏది వచ్చిందో చూసుకుంటూ భయపడి కింది కాలేజీలు ముందు పెట్టబోతుంటే మాస్టారు ఆపారు. "నీకు ఏది కావాలో ఆ వరసలో పెట్టు. మాక్ (నమూనా) కేటాయింపు చూశాక మార్చుకోవచ్చు." మొదటి విడతలో మరో కాలేజీ వచ్చింది. ఛాయిస్ 2 ఎంచుకోమన్నది కూడా ఆయనే. అంటే వచ్చిన సీటు చేతిలో ఉంచుకుని పై సీటు కోసం తర్వాతి విడతకు వెళ్లడం. ఛాయిస్ 3 నొక్కి ఉంటే చేతిలోది పోయేది.

వచ్చే ఏడాది రెండో పీయూసీకి వచ్చే పిల్లలు మన అపార్ట్‌మెంటులో ఇద్దరున్నారు. పాత ప్రశ్నపత్రాల కట్ట, మాస్టారు దిద్దిన డెరివేషన్ల పుస్తకం మా ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి. పెన్సిల్ గుర్తులు చెరిపేశాం. సాయంత్రం ఆరు దాటాక వచ్చి తీసుకెళ్లండి. మాస్టారి దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం ఖాళీలు వదిలిన కాగితం పట్టుకెళ్లకండి.