లోహపు ట్యాంకు: ముందు ట్రాకులు, ఆ తర్వాతే టరెట్

సంపాదకుడికి,

రేడియో రిమోట్‌తో నడిచే పెద్ద లోహపు ట్యాంకు నమూనాల గురించి పత్రికల్లో ఏదైనా వచ్చిందంటే టరెట్ (పైన తిరిగే ఫిరంగి గది), ఫిరంగి గొట్టం, రంగులు బాగా కనిపించే ఫొటో ఒకటి, పక్కన నాలుగు మెచ్చుకోలు మాటలు ఉంటాయి. బండి బరువెంత, మోటార్లు ఎలాంటివి, సిగ్నల్ పోతే ఆగుతుందా ఆగదా అన్నది మాత్రం ఉండదు. ఆ ఫొటో చూసి ఉత్సాహపడేవాళ్లు పనిని కూడా టరెట్‌తోనే మొదలుపెడతారు. నెలల తరబడి పైభాగం చెక్కి, చివర్లో కింద రెండు మోటార్లు బిగిస్తారు. బండి తిన్నగా పోతుంది గానీ పక్కకు తిరగదు. తిప్పబోతే ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే లోహపు పట్టీ) ఊడుతుంది, లేదా మోటార్లకు కరెంటును అదుపు చేసే కంట్రోలర్ మాడుతుంది. ఇలా సగంలో మూలపడే బండ్లు చాలా ఉంటాయి. ఇకమీదట ఇలాంటి కథనాలతో పాటు బరువు, స్ప్రాకెట్ (ట్రాకును లాగే పళ్ల చక్రం) దగ్గర టార్క్ (తిప్పే బలం), ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బండి ఆగే ఏర్పాటు) పరీక్ష, ఈ మూడు వివరాలైనా వేయమని కోరుతున్నాం. అవి ఎందుకు ముఖ్యమో కింద లెక్కలతో రాస్తున్నాం.

పెద్ద లోహపు నమూనాలకు బాగా కుదిరే స్కేలు 1/6. రెండో ప్రపంచ యుద్ధపు జర్మన్ ట్యాంకు టైగర్-1నే తీసుకుందాం. అసలు ట్యాంకు 57 టన్నులు, గొట్టంతో కలిపి పొడవు 8.45 మీటర్లు. నమూనా పొడవు అందులో ఆరో వంతు, అంటే 1.41 మీటర్లు. బరువు అలా తగ్గదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఆరో వంతవుతాయి కాబట్టి బరువు 216వ వంతవుతుంది: 264 కిలోలు. అదే 1/4 స్కేలులో అయితే 890 కిలోలు. అంత బరువు పెట్టనక్కర్లేదు, పెట్టకూడదు కూడా. ముందు భాగంలో 100 మి.మీ. ఉన్న కవచం స్కేలు ప్రకారం 16.7 మి.మీ. రావాలి గానీ, చూపుకు 3 మి.మీ. ప్లేటు సరిపోతుంది, అంచుల దగ్గర మందం కనిపించేచోట మాత్రం పట్టీ అతికిస్తే చాలు. 3 మి.మీ. ఉక్కు ప్లేటు చదరపు మీటరుకు 23.5 కిలోలు తూగుతుంది, 2 మి.మీ. అయితే 15.7, 3 మి.మీ. అల్యూమినియం 8.1. అడుగు, పక్క గోడలు ఉక్కుతో, పై డెక్కు, టరెట్ అల్యూమినియంతో చేస్తే బండి మొత్తాన్ని 120 కిలోల దగ్గర ఆపవచ్చు. కింది లెక్కలన్నీ ఆ 120 కిలోల బండికే.

తిన్నగా వెళ్లేటప్పుడు ట్రాకుల నిరోధం బరువులో సుమారు పదో వంతు. ఒక్కో ట్రాకు 6 కిలోల బలంతో లాగితే చాలు. ఒకచోటే నిలబడి గిర్రున తిరగాలంటే కథ మారిపోతుంది. నేలకు ఆనిన ట్రాకు మొత్తం పక్కకు ఈడ్చుకుపోవాలి. దానికి ఒక్కో ట్రాకు మీద కావలసిన బలం తేలిగ్గానే లెక్కకు వస్తుంది: రాపిడి గుణకాన్ని బరువుతోను, నేలకు ఆనే ట్రాకు పొడవుతోను గుణించి, రెండు ట్రాకుల మధ్యరేఖల నడుమ దూరానికి నాలుగింతలతో భాగించాలి. 1/6 టైగర్‌కు ఆనే పొడవు 60 సెం.మీ., మధ్య దూరం 47 సెం.మీ. కాంక్రీటు మీద రాపిడి 0.7 అనుకుంటే 27 కిలోలు వస్తుంది. మామూలు నిరోధం 6 కలిపితే 33. స్ప్రాకెట్ వ్యాసార్ధం 7 సెం.మీ. కాబట్టి ఒక్కో స్ప్రాకెట్ దగ్గర దాదాపు 23 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. తిన్నగా పోవడానికి కావలసింది 4 మాత్రమే. 30 డిగ్రీల వాలు ఎక్కడానికి ఎంత బలం కావాలో చదునైన కాంక్రీటు మీద తిరగడానికీ దాదాపు అంతే కావాలి. తిన్నగా నడిపి చూసి మోటారు బాగుందని సంతోషపడేవాళ్లు చూడనిది ఈ ఐదారు రెట్ల తేడానే.

ఆనే పొడవును మధ్య దూరంతో భాగిస్తే వచ్చే అంకె నమూనా ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి. టైగర్‌కు అది సుమారు 1.28. అదే కాలపు సోవియట్ ట్యాంకు టి-34కు ఆనే పొడవు 3.85 మీటర్లు, మధ్య దూరం 2.45 కాబట్టి 1.57. అంటే బరువు సమానంగా ఉన్నా టి-34ను తిప్పడానికి పక్కరాపిడి ఐదో వంతుకు పైగా ఎక్కువ. అయినా మొదటిసారి చేసేవాళ్లకు మేం టి-34నే చెబుతాం. ఒక్కో పక్క ఐదే పెద్ద చక్రాలు, పైన ట్రాకును మోసే రిటర్న్ రోలర్లు లేవు, బాడీ అంతా చదును ప్లేట్లే. టైగర్‌లో ఒకదాని మీదొకటి పేర్చినట్టుండే చక్రాల్లో లోపలిది విప్పాలంటే బయటివి ముందు విప్పాలి. ఒక్క బేరింగ్ పాడైతే ఒక సాయంత్రం పోతుంది.

మోటార్ల విషయానికొస్తే, టైగర్ అసలు వేగం గంటకు 38 కి.మీ. స్కేలు ప్రకారం 6 కి.మీ. చిల్లర, మనిషి చురుగ్గా నడిచే వేగం. స్ప్రాకెట్ ఒక చుట్టుకు 44 సెం.మీ. కదులుతుంది కాబట్టి నిమిషానికి 150 నుంచి 200 చుట్లు ఉంటే 4 నుంచి 5 కి.మీ. వస్తుంది, అది చాలు. వేగం ఇంకా కావాలని గేరు నిష్పత్తి తగ్గించారా, తిరిగే బలం పోతుంది. ట్రాకుకొకటి చొప్పున 24 వోల్టుల, 250 నుంచి 350 వాట్ల గేరు మోటార్లు కావాలి. పవర్ వీల్‌చైర్ మోటార్లు ఈ పనికి బాగా నప్పుతాయి. వాటిలో చాలావాటికి వెనక విద్యుదయస్కాంత బ్రేకు ఉంటుంది. కరెంటు అందితేనే అది వదులుతుంది. ఆ తీగల జత కలపకుండా వదిలేస్తే మోటారు బ్రేకు పట్టిన షాఫ్టునే తిప్పబోయి వేడెక్కి కాలిపోతుంది. బ్రేకుకు విడిగా 24 వోల్టులు ఇవ్వాలి, లేదా దాన్ని పూర్తిగా విప్పెయ్యాలి.

మోటారు నుంచి స్ప్రాకెట్ షాఫ్టుకు గొలుసు వాడితే 9.525 మి.మీ. పిచ్ (పక్కపక్క పిన్నుల మధ్య దూరం) కన్నా చిన్నది వద్దు. 6.35 మి.మీ. గొలుసు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ 4 సెం.మీ. వ్యాసం గల పళ్ల చక్రం మీద 23 న్యూటన్ మీటర్లంటే గొలుసు మీద 115 కిలోలకు పైగా లాగుడు పడుతుంది, అది దాని పనిభారాన్ని మించిపోయింది. స్ప్రాకెట్‌ను గ్రబ్ స్క్రూతో (తల లేని చిన్న మరతో) బిగించడం మరో సాధారణ పొరపాటు. రెండో మలుపుకే జారి షాఫ్టును గీకేస్తుంది. కీవే (షాఫ్టులో గాడి) కోసి కీ (అందులో కూర్చునే లోహపు ముక్క) వెయ్యాల్సిందే. ట్రాకు లాగుడంతా బయటికి పొడుచుకొచ్చిన షాఫ్టు మీద పడుతుంది కాబట్టి రెండు బేరింగుల మధ్య కనీసం 60 మి.మీ. దూరం ఉండాలి.

ఇక ట్రాకులు. ఈ పనిలో ఓపిక అంతా ఇక్కడే కావాలి. టైగర్‌కు ఒక్కో పక్క 96 లింకులు, పిచ్ 130 మి.మీ., నమూనాలో 21.67. రంధ్రాల మధ్య దూరంలో ఒక్కో లింకుకు 0.1 మి.మీ. తేడా వస్తే 96 లింకులకు 9.6 మి.మీ. అవుతుంది, దాదాపు సగం లింకు. ఒక పక్క లింకులు అలా వచ్చి రెండో పక్క సరిగ్గా వస్తే రెండు ట్రాకుల బిగువు ఎన్నడూ కలవదు. అందుకే గీత గీసి, పంచ్ కొట్టి రంధ్రాలు వెయ్యకూడదు. డ్రిల్లును సూటిగా నడిపే గట్టి ఉక్కు బుష్‌లున్న జిగ్ (రంధ్రాల చోటును నిలిపే అచ్చు) ఒక్కటి చేసుకోవాలి. లింకు మొదటి రంధ్రంలో జిగ్ పిన్ను దూర్చాకే రెండో రంధ్రం వెయ్యాలి. లేజర్‌తో కోసిన రంధ్రం పైన కింద ఒకే కొలత ఉండదు, కొంచెం ఏటవాలుగా వస్తుంది. దాన్ని 2.8 మి.మీ.కే కోయించి, తర్వాత రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టుతో) సరిచేయాలి. 3 మి.మీ. పిన్ను ఒక లింకు చెవుల్లో బిగువుగా, పక్క లింకు చెవుల్లో 3.1 మి.మీ. రంధ్రంలో వదులుగా ఉండాలి. రెండింటిలోనూ వదులైతే పిన్ను తిరుగుతూ తిరుగుతూ పక్కకు నడిచి బయటికొస్తుంది. అసలు టి-34లో ఈ బాధకు విరుగుడుగా బాడీకి ఒక ఏటవాలు ముక్క అతికించారు. లోపలికి జరిగిన పిన్ను తల దానికి తగిలి మళ్లీ స్థానంలోకి పోయేది. నమూనాలోనూ ఆ ముక్క అచ్చంగా పనిచేస్తుంది, అలంకారమనుకుని వదిలెయ్యవద్దు.

స్ప్రాకెట్‌ను డ్రాయింగు చూసి ముందే కోయిస్తే చాలాసార్లు మళ్లీ కోయించాల్సి వస్తుంది. ముందు ట్రాకు కట్టాలి, చేత్తో అటూ ఇటూ వంచుతూ పిన్నులు కుదురుకోనివ్వాలి. తర్వాత ట్రాకును నిలువుగా వేలాడదీసి, కింద 10 కిలోల బరువు కట్టి, 20 పిచ్‌ల పొడవు కొలవాలి. 433.4 మి.మీ. రావలసింది 435 వస్తే అసలు పిచ్ 21.75 అన్నమాట. స్ప్రాకెట్ పళ్లు ఆ కొలతకే కోయించాలి. పిచ్ కలవకపోతే లింకు పంటి అడుగున కూర్చోకుండా కొన మీదికి ఎక్కుతుంది, టకటకమని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినగానే ఆపెయ్యాలి, తర్వాతి మలుపులో ఊడేది ఆ ట్రాకే. పిన్నులకు నూనె, గ్రీజు పూయవద్దు. దుమ్ము, ఇసుక దానికి అంటుకుని పిన్నును ఆకురాయిలా అరగదీస్తాయి. పొడిగానే నడవనివ్వాలి.

సస్పెన్షన్‌కు టార్షన్ బారు (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) పెట్టేవాళ్లు తెలుసుకోవలసింది ఒకటుంది. బారు గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో మారుతుంది. 5 మి.మీ. నుంచి 6 మి.మీ.కి వెళితే గట్టిదనం రెట్టింపు. 120 కిలోల టైగర్‌కు పక్కకు ఎనిమిది చొప్పున 16 చేతులు (చక్రాన్ని బారుకు కలిపే మీటలు), ఒక్కో చేతి మీద 7.5 కిలోలు. చెయ్యి 75 మి.మీ., బారు పనిచేసే పొడవు 280 మి.మీ. అయితే, బండి తన బరువుకు 15 మి.మీ. దిగడానికి 5.5 నుంచి 6 మి.మీ. స్ప్రింగ్ ఉక్కు సరిపోతుంది. మామూలు మెత్తని ఉక్కు కడ్డీ పెడితే గట్టి ఎత్తుపల్లం ఒక్కటి దాటగానే మెలి పడి వెనక్కి రాదు, బండి ఒక పక్కకు ఒరిగి ఉండిపోతుంది.

బాడీ వెల్డింగులో వంకర వచ్చిందంటే పైవన్నీ వృథా. రెండు పక్క గోడలనూ కలిపి బిగించి ఇరుసుల రంధ్రాలు ఒకేసారి వెయ్యాలి. లోపల అడ్డపట్టీలు పెట్టి, మొత్తం టాకులతో (చిన్న తాత్కాలిక అతుకులతో) నిలబెట్టాకే అతుకులు మొదలుపెట్టాలి. ఒక్కో అతుకు 20 నుంచి 25 మి.మీ. మించకుండా, ఒకటి ఇటు వేస్తే తర్వాతిది ఎదురు మూలలో వేస్తూ పోవాలి. మధ్యలో సూటి కడ్డీని రెండు గోడల రంధ్రాల్లోంచి దూర్చి చూస్తుండాలి. జింకు పూత ఉన్న రేకును వెల్డింగ్ చెయ్యకూడదు, ఆ పొగ ఆరోగ్యానికి హాని.

టరెట్ గురించి రెండు మాటలే. 88 మి.మీ. ఫిరంగి గొట్టం నమూనాలో 82 సెం.మీ. పొడవుంటుంది. అది అల్యూమినియం ట్యూబే కావాలి, ఉక్కుదైతే ఎత్తే మోటారు ఎప్పుడూ బరువు మోస్తూనే ఉంటుంది. తిప్పే గేరు దగ్గర జారే క్లచ్ ఉంటే గొట్టం గోడకు తగిలినా పళ్లు విరగవు. గొట్టం లోపల శాశ్వతంగా మూసెయ్యాలి.

కరెంటు వైపు, 24 వోల్టుల బ్యాటరీ, ఒక్కో మోటారుకు నిలకడగా 60 ఆంపియర్లు ఇచ్చే రెండు ఛానళ్ల కంట్రోలర్, 6 చదరపు మి.మీ. తీగలు, బ్యాటరీ ప్లస్ దగ్గరే ఫ్యూజు. ఎర్ర మీట ఉన్న కటాఫ్ స్విచ్ బండి వెనక బయట, వంగకుండా చేతికి అందేచోట ఉండాలి. ఎనిమిది సెల్లుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ పూర్తిగా నిండితే 29.2 వోల్టులు ఉంటుంది. కంట్రోలర్ పరిమితి 30 అయితే, బ్రేకు వేసినప్పుడు మోటారు నుంచి వెనక్కి వచ్చే కరెంటు దాన్ని దాటించగలదు. బ్రష్ మోటార్ల రొద రిసీవర్‌ను తికమక పెట్టకుండా ఒక్కో మోటారుకు మూడు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు అతకాలి.

2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ ఉక్కు పెట్టెలోకి సరిగా చేరదు. యాంటెనా కొన బయటికి రావాలి, ప్లాస్టిక్‌తో చేసిన సామాను పెట్టెలో దాచవచ్చు. సిగ్నల్ తెగితే మోటార్లు ఆగేలా ఫెయిల్‌సేఫ్ అమర్చాలి. కొన్ని రిసీవర్లలో ఆ అమరిక మొదటి నుంచీ ‘చివరి ఆజ్ఞ కొనసాగించు’ అని ఉంటుంది. అలా వదిలేస్తే 120 కిలోల బండి మనుషుల మధ్యకు ఆగకుండా పోతుంది. ట్రాకులు గాల్లో ఉండేలా బండిని దిమ్మెల మీద నిలిపి, సగం వేగంలో తిరుగుతుండగా ట్రాన్స్‌మీటర్ కట్టేసి చూడాలి. ట్రాకులు సెకనులోపు ఆగకపోతే నేల మీదికి దించవద్దు. ఈ పరీక్ష బ్యాటరీ పెట్టిన ప్రతిసారీ చెయ్యాలి. ట్రాకు తిరుగుతున్నప్పుడు స్ప్రాకెట్ వైపు చెయ్యి పోనివ్వకూడదు, ఆ బలానికి వేలు ఆగదు. బండి ఎత్తడానికి కొక్కేలు బాడీకి నాలుగు మూలలా ఉండాలి, టరెట్‌కు కాదు.

మొదటి గంట నడిచేసరికి పిన్నులు కుదురుకుని ట్రాకు వదులవుతుంది. ఐడ్లర్ చక్రాన్ని (స్ప్రాకెట్‌కు ఎదురు చివర ట్రాకు చుట్టి వచ్చే చక్రాన్ని) జరిపితే బిగుస్తుంది. అది ఎంత జరిగితే ట్రాకు దారి సుమారు దానికి రెట్టింపు పెరుగుతుంది కాబట్టి 21.67 మి.మీ. పిచ్‌కు కనీసం 11 మి.మీ., వీలైతే 15 మి.మీ. జరిగే చోటు ముందే ఉంచుకోవాలి. ఐడ్లర్ ఆ చివరకు చేరినప్పుడు ఒక లింకు తీసేసి, చక్రాన్ని మళ్లీ మొదటి స్థానానికి తేవాలి. లింకు తీసేటప్పుడు ఒక్క పక్కే తీయకుండా రెండు పక్కలా తీస్తే బండి తిన్నగా నడుస్తుంది.

ఇట్లు,
కొందరు లోహ నమూనాల తయారీదారులు