పేరుతో పాటు మోతాదూ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక కుటుంబ పేజీలో చర్మ సంరక్షణ మీద వస్తున్న వ్యాసాలను కొన్నేళ్లుగా వదలకుండా చదువుతున్నాను. ఏ క్రీము కొనాలో చెప్పి ఊరుకోకుండా, ఆ క్రీములో ఏ పదార్థం ఏం పని చేస్తుందో వివరించడం మొదలుపెట్టినందుకు ముందుగా అభినందనలు. అయితే ఆ వ్యాసాల్లో పదార్థం పేరు, దాని గుణగానం కనిపించినంతగా దాని మోతాదు ఎంత ఉండాలి, అది ఎవరికి పడదు, ఫలితం కోసం ఎన్నాళ్లు చూడాలి అన్న వివరాలు కనిపించడం లేదు. నియాసినమైడ్ మచ్చలకు మంచిది, రెటినాల్ ముడతలకు మంచిది, హయలురోనిక్ యాసిడ్ పొడి చర్మానికి మంచిది అన్నంత వరకే చదివి కొనడానికి బయల్దేరే పాఠకులకు సగం సమాచారమే అందుతోంది. ఆ సగం సమాచారంతో నేను పడిన పాట్లే ఈ ఉత్తరం రాయించాయి.

నేను ఇరవై ఏళ్లకు పైగా రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుందని ఏటా పిల్లల చేత వల్లె వేయిస్తాను. అయినా రెండేళ్ల కిందట, మొటిమల మచ్చలు త్వరగా పోవాలన్న ఆత్రంలో, సాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్, గ్లైకోలిక్ యాసిడ్ టోనర్, విటమిన్ సి సీరమ్ మూడింటినీ ఒకే వారంలో మొదలుపెట్టాను. మూడూ మంచివేనని మూడు చోట్ల చదివాను. మూడూ ఆమ్లాలేనన్న సంగతిని మాత్రం తరగతి గదిలోనే వదిలేసి వచ్చినట్టున్నాను. పదో రోజుకల్లా ముక్కుకు రెండు పక్కలా మడతలు ఎర్రబడి, సన్నని పొట్టు లేచింది. ఉత్త నీళ్లు తగిలినా చురుక్కుమనేది. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేకుండా రాసుకున్న మాయిశ్చరైజరే మంట పుట్టించింది. చర్మం మరీ ఎండిపోయిందేమో అనుకుని సీరమ్ ఇంకో రెండు చుక్కలు ఎక్కువ వేశాను. చివరికి చర్మవ్యాధి నిపుణురాలి దగ్గరికి వెళితే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ‘ఈ మూడింట్లో ముందు ఏది మొదలుపెట్టారు?’ అని. నా దగ్గర జవాబు లేదు. ఆవిడ అన్నీ ఆపించి, ఒక సాధారణ క్లెన్సర్, వాసన లేని మామూలు క్రీము, సన్‌స్క్రీన్ మాత్రమే వాడమన్నారు. ముఖం మళ్లీ మామూలు కావడానికి ఆరు వారాలు పట్టింది. పాత మచ్చలకు తోడు కొత్తగా మరో రెండు మిగిలాయి.

ఆ ఆరు వారాల్లోనే నాకు సీసాల వెనుక చిన్న అక్షరాలు చదివే అలవాటు అయింది. భూతద్దం పెట్టి చదవాల్సి వచ్చిన మాట నిజమే కానీ, చదవడం వచ్చాక అందులో తెలిసే విషయాలు ముందు వైపు ఉన్న పెద్ద అక్షరాల కంటే ఎక్కువ. చాలా దేశాల్లో పదార్థాలను పరిమాణాన్ని బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు, ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం తయారీదారు ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. అందువల్ల జాబితాలో ఒక శాతం గీత ఎక్కడ పడుతుందో పట్టుకోగలిగితే సగం పని అయిపోయినట్టే. ఫినాక్సీ ఇథనాల్ అనే నిల్వ పదార్థం చాలా క్రీముల్లో ఉంటుంది. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం అది ఒక శాతం దాటకూడదు. కాబట్టి ఆ నియమాన్ని పాటించే సీసాలో దాని తర్వాత వచ్చేవన్నీ ఒక శాతమో, అంతకంటే తక్కువో అని అనుకోవచ్చు. నేను వాడిన ఒక క్రీము డబ్బా మూత మీద పెద్ద పువ్వు బొమ్మ ఉండేది, ఆ పువ్వు సారం పేరు మాత్రం జాబితాలో ఫినాక్సీ ఇథనాల్ తర్వాత, అడుగు నుంచి మూడో స్థానంలో ఉంది. అలాగని వెనుక ఉన్నదంతా పనికిరానిదని తీర్పు చెప్పడమూ తప్పే. రెటినాల్ ఒక శాతంలోపు మోతాదులోనే పని చేస్తుంది, హయలురోనిక్ యాసిడ్ కూడా కొద్దిగా ఉంటే చాలు. స్థానాన్ని చూసి అంచనా వేయాలంటే ముందు ఆ పదార్థానికి ఎంత అవసరమో తెలిసి ఉండాలి. వ్యాసాల్లో మోతాదు రాయమని నేను పట్టుబట్టడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం, మోతాదు మారితే పదార్థం స్వభావమే మారిపోతుంది. దీనికి యూరియా కంటే మంచి ఉదాహరణ లేదు. పది శాతం లోపు అది చర్మంలో తేమను పట్టి ఉంచుతుంది. నలభై శాతానికి చేరేసరికి మందంగా గట్టిపడిన చర్మాన్ని, గోళ్లను మెత్తబరిచి ఊడదీసే మందు అవుతుంది. సాలిసిలిక్ యాసిడ్ కూడా అంతే. అది నూనెలో కరుగుతుంది కనుక జిడ్డుతో మూసుకుపోయిన రంధ్రాల్లోకి దిగగలదు, ఆ పనికి అర శాతం నుంచి రెండు శాతం వరకు చాలు. అదే ఆమ్లాన్ని ఇరవై, ముప్పై శాతం గాఢతలో వైద్యులు తమ పర్యవేక్షణలో పీల్‌గా, అంటే చర్మం పైపొరను ఊడదీసే చికిత్సగా వాడతారు. మొటిమలకు వాడే బెంజాయిల్ పెరాక్సైడ్ విషయంలో రెండున్నర శాతం మందు ఇంచుమించు పది శాతం మందులాగానే పని చేస్తుందని, చురచుర మాత్రం తక్కువగా ఉంటుందని ఎప్పుడో తేలింది. అయినా పెద్ద అంకె ఉన్న ట్యూబునే మేలైనదనుకుని తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. గ్లైకోలిక్ యాసిడ్ లాంటివి ఇంట్లో వాడే ఉత్పత్తుల్లో పది శాతం దాటకుండా, పీహెచ్ 3.5 కంటే తగ్గకుండా ఉండాలని, వాటితో పాటు ఎండ నుంచి రక్షణ కూడా తీసుకోవాలని అమెరికాలో సౌందర్య సాధనాల భద్రతను సమీక్షించే నిపుణుల బృందం సూచించింది. నేను రాసుకున్న టోనర్ సీసా మీద శాతమూ లేదు, పీహెచ్చూ లేదు. అడగాలని నాకూ తోచలేదు.

ఇంతకీ నా ముఖానికి జరిగింది ఏమిటో చెప్పాలి. చర్మం పైపొర మందం ముఖం మీద మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు వరకు మాత్రమే ఉంటుంది. అందులో చదునైన మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటే, వాటి మధ్య సెరమైడ్లనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంచుతాయి. లోపలి నీరు ఆవిరి కాకుండా, బయటి చికాకులు లోపలికి పోకుండా కాపాడేది ఆ పలుచని గోడే. దాని పీహెచ్ ఐదుకు అటూ ఇటూ ఉంటుంది, మామూలు సబ్బుది తొమ్మిదికీ పదికీ మధ్య ఉంటుంది. గ్లైకోలిక్ యాసిడ్ ఆ ఇటుకల మధ్య పట్టును సడలిస్తుంది. హద్దులో ఉంటే పాత కణాలు సాఫీగా రాలి చర్మం నున్నగా కనిపిస్తుంది, హద్దు దాటితే గోడకే బీటలు పడతాయి. బీటలు పడ్డాక ఎంత మంచి క్రీము రాసినా మండుతుంది. అది క్రీము దోషం కాదని తెలియక మనం ఒకటి తర్వాత ఒకటి మారుస్తూ పోతాం.

నా విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. ముదురు ఛాయ చర్మంలో ఎక్కడ మంట, వాపు వచ్చి తగ్గినా అక్కడ నల్లమచ్చ మిగిలే అవకాశం ఎక్కువ. అంటే మచ్చలు పోగొట్టుకోవడానికి రాసిన మందు చర్మాన్ని రేపితే, ఆ మందే మచ్చలు తెచ్చిపెడుతుంది. మంగు ఉన్నవాళ్ల విషయంలో అతినీలలోహిత కిరణాలే కాక, కంటికి కనిపించే వెలుతురు కూడా మచ్చను ముదురు చేస్తుంది. అలాంటివాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన లేతరంగు సన్‌స్క్రీన్ ఎక్కువ ఉపయోగపడుతుంది. తెల్లని ఛాయ వాళ్ల మీద రాసిన సలహాలను యథాతథంగా తెలుగు చేసి అచ్చువేస్తే ఈ తేడా ఎక్కడా కనిపించదు.

‘సహజం’, ‘రసాయనాలు లేనిది’ అన్న మాటల గురించి రసాయనశాస్త్రం చెప్పేదానిగా ఎక్కువ మాట్లాడితే కోపం వచ్చినట్టుంటుంది. నీళ్లూ రసాయనమే అని మాత్రం అంటాను. లావెండర్ లాంటి సుగంధ తైలాల్లో సహజంగా ఉండే లినలూల్, నారింజ జాతి తైలాల్లోని లిమొనీన్ గాలి తగిలి ఆక్సీకరణం చెందినప్పుడు కొందరికి చర్మ అలర్జీ కలిగిస్తాయి. జాబితాలో ‘పర్ఫ్యూమ్’ అన్న ఒక్క మాట వెనుక పదుల సంఖ్యలో పదార్థాలు దాగి ఉండవచ్చు. వాసన రాదని రాసి ఉన్న క్రీములో కూడా అసలు వాసనను కప్పిపుచ్చడానికి సువాసన కలిపి ఉండవచ్చు. అలర్జీ కలిగించే అవకాశం తక్కువన్న అర్థంలో వాడే ‘హైపోఅలర్జెనిక్’ అన్న మాటకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనల్లో నిర్వచనమే లేదు.

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది పారాబెన్ల కథ. నీళ్లున్న ఏ క్రీమైనా నిల్వ పదార్థం లేకపోతే కొద్ది రోజుల్లో సూక్ష్మజీవులకు నిలయమవుతుంది. ఎన్నో దశాబ్దాలుగా ఆ పని చేస్తూ వచ్చిన పారాబెన్ల మీద అనుమానాలు వ్యాపించాక ‘పారాబెన్లు లేవు’ అన్నదే అమ్మకపు మాట అయింది. వాటి స్థానంలోకి వచ్చినవాటిలో మిథైల్ ఐసోథయజోలినోన్ ఒకటి. దానివల్ల అలర్జీ కేసులు ఎంత పెరిగాయంటే, అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013లో దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. రాసుకుని కడిగేయకుండా వదిలే ఉత్పత్తుల్లో దాన్ని ఐరోపా సమాఖ్య తర్వాత నిషేధించింది. అదే సొసైటీ 2019లో పారాబెన్లను ఎంచి, అలర్జీ కలిగించడం చాలా అరుదని గుర్తు చేస్తూ ‘ఈ ఏటి అలర్జీ కారకం కానిది’ అన్న బిరుదు ఇచ్చింది. ఒక పదార్థం లేదని చెప్పే క్రీములో దాని బదులు ఏముందో చూడకుండా మురిసిపోకూడదని నేను నేర్చుకున్నది అక్కడే.

ఇప్పుడు నేను పాటిస్తున్న పద్ధతి మోటుగానే ఉంటుంది కానీ, ఆ నిపుణురాలి ప్రశ్నకు జవాబు ఇస్తుంది. కొత్తది ఏదైనా ముందుగా మోచేతి లోపలి వైపు ఒకేచోట రోజుకు రెండుసార్లు వారం పది రోజులు రాసి చూస్తాను. అలర్జీ చాలాసార్లు వెంటనే బయటపడదు, ఒకటి రెండు రోజులు ఆగి దురదగా, దద్దుర్లుగా తేలుతుంది కాబట్టి ఒక్క పూట రాసి సరేననుకుంటే లాభం లేదు. చేతికి పడినదాన్ని ముఖం మీద ఒంటరిగా మూడు వారాలు వాడతాను, ఆ మూడు వారాల్లో ఇంకే కొత్తదీ ముట్టుకోను. తేదీ, పేరు, శాతం, ఎక్కడ ఎలా ఉందన్నది ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. పైపొర తనను తాను మార్చుకోవడానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ పడుతుంది. మచ్చల విషయంలో రెండు మూడు నెలల లోపు తీర్పు చెప్పడం తొందరపాటే. నా బుక్కును బట్టి చూస్తే నాకు నియాసినమైడ్ ఐదు శాతం పడుతుంది, పది శాతమైతే బుగ్గలు ఎర్రబడతాయి. మా అమ్మాయికి పది శాతమూ పడుతుంది కానీ ఏ సువాసనా పడదు. ఒకే ఇంట్లో ఇద్దరికే ఇంత తేడా ఉంటే, ‘పొడి చర్మానికి ఇది, జిడ్డు చర్మానికి అది’ అన్న రెండు గళ్ల పట్టికలో పాఠకులంతా ఇమడరు.

అందుచేత మీ వ్యాసకర్తలకు నా మనవి. ఒక పదార్థం గురించి రాసినప్పుడు అది ఎంత శాతంలో పరీక్షకు నిలిచిందో, ఏ పదార్థంతో కలిపి మొదలుపెట్టకూడదో, ఎవరు దూరంగా ఉండాలో కూడా అదే పేరాలో రాయండి. రెటినాల్, దాని జాతి మందులు గర్భిణులు వాడకూడదన్న మాట వ్యాసం చివర చిన్న అక్షరాల్లో కాకుండా రెటినాల్ పేరు పక్కనే ఉండాలి. పదార్థాల జాబితా అసలే లేని తెల్లబరిచే క్రీముల్లో స్టెరాయిడ్లో, పాదరసమో ఉండే ప్రమాదం ఉందని తరచుగా గుర్తు చేయండి. ప్రాయోజిత వ్యాసమైతే ఆ మాట శీర్షిక దగ్గరే కనిపించేలా వేయండి.

చివరగా చిన్న విషయమే అయినా నాలాంటివాళ్లకు ఎక్కువ అక్కరకు వచ్చేది ఒకటుంది. వ్యాసంలో మీరు విటమిన్ ఇ అని రాస్తారు, సీసా మీద టోకోఫెరాల్ అని ఉంటుంది. మీరు షియా బటర్ అంటారు, సీసా మీద బ్యూటిరోస్పెర్మమ్ పార్కీ అని ఉంటుంది. నీళ్లు కూడా ఆక్వా అన్న పేరుతో కూర్చుని ఉంటాయి. పదార్థం తెలుగు పేరు పక్కన సీసా మీద కనిపించే పేరును అదే స్పెల్లింగుతో ముద్రిస్తే, పత్రికను ఒక చేత్తో, సీసాను మరో చేత్తో పట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూసుకోవడానికి వీలవుతుంది. ఆ మార్పు వచ్చే వారం నుంచే మొదలుపెట్టగలరని ఆశిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక రసాయనశాస్త్ర అధ్యాపకురాలు