పిల్లలకు డోమ్ సినిమా చూపిద్దామా?

అందరికీ నమస్కారం. పిల్లల్ని ప్లానెటోరియంకి తీసుకెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు నక్షత్రాల షో దగ్గరే ఆగిపోకుండా, అక్కడ డోమ్ సినిమా ఉంటే అదీ తప్పకుండా చూపించండి.

మామూలు తెర ఎదురుగా ఉంటుంది. ఇక్కడ తెర నెత్తిమీద అర్ధగోళంలా కమ్ముకుని ఉంటుంది. కంటి కొసల్లో కూడా దృశ్యమే కదులుతుంటే, కదులుతున్నది మనమేనని మెదడు నమ్మేస్తుంది. శనిగ్రహం వలయాల పక్కనుంచో, రక్తనాళం లోపలినుంచో దూసుకెళ్తున్నట్టు అనిపించేది అందుకే. పుస్తకంలో గ్రహమూ కణమూ ఒకే సైజు బొమ్మలు. ఆ పెద్దాచిన్నా తేడా ఒంటికి తెలిసొచ్చేది మాత్రం ఇక్కడే అని నా గట్టి నమ్మకం.

దీనికి వందేళ్ల చరిత్ర ఉంది. 1923లో జర్మనీలోని మ్యూనిక్‌లో, లెన్సులు తయారుచేసే జైస్ కంపెనీ ప్రొజెక్టర్ డోమ్ మీద చుక్కల్ని చూపించింది. 1973లో అమెరికాలోని శాన్ డియెగోలో ఐమాక్స్ వాళ్లు ఫిష్‌ఐ లెన్స్‌తో (బొమ్మను చాలా వెడల్పుగా పరిచే లెన్స్) 70 ఎంఎం సినిమానే డోమ్ నిండా పరిచారు. ఇప్పుడు ఎక్కువగా డిజిటల్ ప్రొజెక్టర్లే. తెర నిండా సన్నటి రంధ్రాలుంటాయి, స్పీకర్లు దాని వెనకాల ఉంటాయి. పిల్లలకు ముందే చెప్పండి, శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కుంటారు!

సీట్లు మాత్రం వెనక వరుసల్లో, మధ్యలో చూసుకోండి. ముందు కూర్చుంటే మెడ నొప్పి. కళ్లు తిరిగితే కాసేపు మూసుకుంటే సర్దుకుంటుంది. చీకటంటే భయపడే చిన్నపిల్లలుంటే ద్వారం దగ్గర సీటు మేలు.

ఇప్పటికే చూసినవాళ్లు, మీ పిల్లలు ఏ వయసులో భయపడకుండా కూర్చున్నారో ఇక్కడ రాయండి.