పుష్కరాలకు ముందు ఒక్క రోజు మన రాజమండ్రిని మనమే చూద్దాం

సంపాదకులకు నమస్కారం.

2027లో గోదావరి పుష్కరాలు. రాజమండ్రిలో ఇల్లున్న ప్రతివాళ్లకీ చుట్టాలు దిగుతారు. స్నానానికి ఎటు వెళ్లాలి, చూడ్డానికి ఏమున్నాయి, ఏది ఎక్కడ తినాలి అని ముందు మనల్నే అడుగుతారు. ఊళ్లో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే, పుష్కరాల రేవు. 2015 జూలై 14న, పుష్కరాలు మొదలైన రోజున, ఆ రేవు దగ్గరే తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా చనిపోయారు. దానికి కారణాలు ఎన్నయినా ఉండవచ్చు. కానీ కిలోమీటరుకు పైగా మెట్లున్న కోటిలింగాల రేవు మనకుందని, అక్కడికి ఏ సందులోంచి వెళ్లాలో చెప్పగలిగే మనిషి ప్రతి వీధిలో ఉంటే జనం కొంతయినా చీలతారు. అలా చెప్పాలంటే ముందు మనం ఊరు తిరిగి ఉండాలి. పుట్టి పెరిగి, వంకాయలవారి వీధిలో వీరేశలింగం గారి ఇంట్లో అడుగుపెట్టని వాళ్లు మనలో చాలామంది ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, శుక్రవారం బయల్దేరవద్దు. రాష్ట్ర పురావస్తు శాఖ మ్యూజియాలకు అదే వారపు సెలవు, ప్రభుత్వ గ్రంథాలయాలకూ అంతే. ఆదివారం రేవుల్లో రద్దీ ఎక్కువ. మంగళ, బుధ, గురువారాలు మంచివి. కాలం సంగతికొస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయి. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక గోదావరి గట్టు మీద నడవడం పిల్లలకూ పెద్దవాళ్లకూ ప్రమాదమే. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు దిగుతుంది. చూడ్డానికి అంతకన్నా గొప్ప దృశ్యం లేదు గానీ గట్టు మీద నుంచే చూడాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక ఉన్న రోజున రేవులో దిగే ఆలోచన, పడవ ఎక్కే ఆలోచన మానుకోవాలి. వరద తీసిన తర్వాత కూడా కొన్నాళ్లు మెట్ల మీద ఒండ్రు, పాచి ఉంటాయి. కాలు జారేది ఎక్కువగా అప్పుడే. నీళ్లలో మునిగి ఉన్న చివరి మెట్టు ఎక్కడుందో తెలియదు కాబట్టి గొలుసు పట్టుకోకుండా దిగకూడదు.

తెల్లవారాక ఆరింటికల్లా గట్టు మీద ఉండాలి. ప్యాసింజరు బండిలో వచ్చేవాళ్లు పెద్ద స్టేషన్ దాకా వెళ్లక్కర్లేదు, గోదావరి స్టేషన్‌లో దిగితే రేవు నడక దూరం. అక్కణ్ణుంచి వంతెనలు చూడండి. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్లు నడిపిన హేవలాక్ వంతెనకు 56 ఖానాలు, అంటే స్తంభాల మధ్య ఖాళీలు. దాని మీద రాకపోకలు ఆపేసింది 1997లో. అదే ఏడు వాడకంలోకి వచ్చిన ఆర్చి వంతెనకు 28 ఖానాలే, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. స్తంభాలు సగానికి సగం తగ్గాయంటే వందేళ్లలో ఇంజనీరింగు ఎంత మారిందో పక్కపక్కనే చూడవచ్చు. 1974 నాటి మూడో వంతెన మీద బస్సులు, కింద రైళ్లు. పిల్లలకు దీన్ని చూపించడానికి పుస్తకం అక్కర్లేదు, కొవ్వూరుకు ప్యాసింజరు టిక్కెట్టు చాలు. అవతల దిగి బస్సులో వెనక్కి వస్తే నది రెండుసార్లు దాటినట్టు.

గట్టు వెంబడి మార్కండేయస్వామి గుడి, కోటిలింగాల రేవు చూసుకుని ఎనిమిది లోపు టిఫినుకు తిరగాలి. ఆలస్యం చేస్తే నష్టపోయేది పెసరట్టు. పొట్టు పెసలు ఐదారు గంటలు నానబెట్టి, గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, పులియనివ్వకుండా అప్పటికప్పుడు పోసేదే పెసరట్టు. పది దాటాక మిగిలిన పిండితో పోస్తే పులుపెక్కి అట్టు మెత్తబడుతుంది, అంచు కరకరలాడదు. పచ్చదనం లేకుండా పసుపు రంగులో వస్తే అది పొట్టు తీసిన పెసరపప్పు పిండి. పెద్ద బోర్డు చూసి హోటలు ఎంచుకోవద్దు. పెనం దగ్గర ఉల్లిపాయలు అప్పుడే తరుగుతున్నారా, ఉప్మా వేడిగా ఉందా, అల్లం పచ్చడి గిన్నె ఎంత త్వరగా ఖాళీ అవుతోందో చూడండి.

తొమ్మిదికి వంకాయలవారి వీధి. కందుకూరి వీరేశలింగం గారు 1848 ఏప్రిల్ 16న ఈ ఊళ్లోనే పుట్టారు. మొదటి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న జరిపించింది ఈ ఊళ్లోనే. ఊరు ఊరంతా వెలివేస్తానన్న రోజుల్లో ఆయన, రాజ్యలక్ష్మమ్మ గారు నిలబడ్డ ఇల్లది. ఆ గదుల్లో పావుగంట ఊరికే కూర్చోండి, ఫొటోల కోసం హడావిడి పడవద్దు. ఆయనే కట్టించిన టౌన్‌హాలు కూడా ఊళ్లోనే ఉంది.

పదిన్నరకు రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం. 1922లో ఇక్కడ పుట్టిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వారి కృషి లేకపోతే ఈ నాణేలు, శాసనాలు, విగ్రహాలు చెల్లాచెదురయ్యేవి. నాణేల అలమర దగ్గర ఎక్కువసేపు ఆగాలి, తూర్పు చాళుక్యుల రాజధానిలో ఉన్నామని అక్కడే తెలుస్తుంది. రాజరాజనరేంద్రుడి కొలువులో నన్నయ భారతం మొదలుపెట్టిన ఊరు మరి. తర్వాత దామెర్ల రామారావు చిత్రశాల. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయిన మనిషి, 28 ఏళ్లు కూడా నిండలేదు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని చిత్రకారుణ్ణి గుర్తించి ప్రోత్సహించారు. చీర కుచ్చెళ్లు, జడలు, చెంబులు, మన ఆడవాళ్లు నిలబడే తీరు ఆయన గీతల్లో ఎలా వచ్చాయో దగ్గరికి వెళ్లి చూడాలి, తర్వాత పది అడుగులు వెనక్కి వచ్చి మళ్లీ చూడాలి. మా దృష్టిలో రాజమండ్రిలో అన్నిటికన్నా తక్కువమంది చూసిన, అందరూ చూడవలసిన చోటు ఇదే. గౌతమీ గ్రంథాలయానికి తాళపత్రాల కోసం వెళ్లేవాళ్లు ముందురోజే అడిగి పెట్టుకోవాలి. అప్పటికప్పుడు వెళ్తే చదివే గదే చూసి వస్తారు.

మధ్యాహ్నం భోజనంలో కాలానికి తగ్గది అడగండి. పనసపొట్టు కూర దొరికే రోజుల్లో ఇంకొకటి అడగనక్కర్లేదు. పులస మాత్రం వరద నెలల్లోనే. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీది వచ్చాక పులస. ఆనకట్ట అడ్డం కాబట్టి దొరికేది ధవళేశ్వరం దిగువనే. ధర వేలల్లో ఉంటుంది, అందుకే మోసం కూడా ఇక్కడే ఎక్కువ. ఒడిశా నుంచి ఐసులో వచ్చిన చేపను పులస అని అమ్ముతారు. వెండిలా తెల్లగా మెరిసిపోతుంటే అది ఉప్పునీటి చేపే అనుకోండి. నదిలో కొన్నాళ్లు ఈదిన దానికి ఒంటి మీద కాస్త ఎరుపు, గోధుమ ఛాయ వస్తుంది. తెలిసినవాళ్లు తోడు లేకుండా కొనవద్దు. హోటల్లో తిన్నా ముల్లు ఎక్కువ, చిన్నపిల్లలకు పెట్టకండి. చింతపులుసులో బెండకాయలు వేసి మట్టి దాకలో సన్నసెగ మీద కాచి, మర్నాడు తినే కూర అది. అప్పుడే వండి వడ్డించిన పులసకు పులుసు పట్టి ఉండదు.

ఎండ వేళకు రోజ్ మిల్క్. పాలు బాగా మరగకాచి, చల్లార్చి, గులాబీ పాకం కలిపి చల్లగా ఇవ్వాలి. గ్లాసులో ఐసు ముక్కలు తేలుతుంటే అవి కరిగి సగం గ్లాసు అయ్యేసరికి నీళ్లపాలే మిగులుతాయి. ఇంటికి కట్టించుకోవడం దండగ, అక్కడే తాగాలి. పూతరేకులు మాత్రం కట్టించుకోవచ్చు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పొట్లం విప్పి ఒకటి తుంచి చూడండి, రేకు పొరలు పొరలుగా విడిపోవాలి. వాన తడికి, పలచటి నెయ్యికి రేకులు అతుక్కుపోతాయి. పంచదారవి కాస్త నిలవ ఉంటాయి, బెల్లంవి త్వరగా తినేయాలి.

మూడింటికి ధవళేశ్వరం బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 175 గేట్ల బ్యారేజీ: ధవళేశ్వరం పాయకు 70, ర్యాలికి 43, మద్దూరుకు 23, విజ్జేశ్వరానికి 39. 1832-33 నాటి నందన కరువులో తిండిలేక జనం పోయిన జిల్లాల్లో మూడు పంటలు ఎలా సాధ్యమయ్యాయో కాటన్ మ్యూజియంలో నమూనాలు చూస్తే అర్థమవుతుంది. బయట పెట్టిన పాత యంత్రాలను పిల్లలు తొక్కకుండా చూసుకోండి. ఎండాకాలంలో కూడా రాజమండ్రి రేవుల్లో నీళ్లు కనపడేది ఈ గేట్లు ఆపబట్టే, ఆ మాట అక్కడ నిలబడి చెప్తే పిల్లలు మరచిపోరు. చీకటి పడే వేళకు పుష్కరాల రేవుకు చేరితే హారతి. జనం మధ్యలోకి చొరబడకుండా మెట్ల పై వరసలో, వెళ్లే దారి పక్కన కూర్చోండి.

ఇక అధికారులకు మా విన్నపం. 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో హేవలాక్ వంతెన, పుష్కరాల రేవు పనులున్నాయి, సంతోషం. కోట్లతో పనిలేనివి కొన్ని ఉన్నాయి. వీరేశలింగం ఇల్లు, చిత్రశాల, మ్యూజియం, గ్రంథాలయం గుమ్మాల మీద తెరిచే వేళలు, సెలవు రోజు దూరం నుంచి కనపడేంత అక్షరాలతో తెలుగులో రాయించండి. గోదావరి స్టేషన్ బయట, కోటగుమ్మం దగ్గర, కోటిపల్లి బస్టాండులో ఏ చోటు ఎన్ని నిమిషాల నడకో తెలిపే పలకలు పెట్టండి. కిలోమీటర్లు రాస్తే కొత్తవాళ్లు ఆటో ఎక్కుతారు, నిమిషాలు రాస్తే నడుస్తారు. పుష్కరాల రోజుల్లో వచ్చే శుక్రవారం కూడా మ్యూజియం తెరిచి ఉంచండి. ప్రతి రేవు మీదా మిగిలిన రేవులకు దారి చూపే బాణం గుర్తు ఉండాలి. బడి పెద్దలు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలను ఈ శీతాకాలంలోనే పైన చెప్పిన దారిన తిప్పితే, 2027లో వీధి వీధికీ దారి చెప్పే పిల్లలు సిద్ధంగా ఉంటారు. మీ పత్రిక జిల్లా అనుబంధంలో ఆ వేళల పట్టిక నెలకోసారి అచ్చు వేయగలరా అని కూడా అడుగుతున్నాం.

ఇట్లు,
కొందరు రాజమండ్రి వాసులు