ముడసర్లోవలో తోక పిగిలిపిట్ట

తల్లిదండ్రులకు నమస్కారం.

గత శనివారం తెల్లవారుతూనే ఏడో తరగతి పిల్లలను విశాఖలోని ముడసర్లోవ పార్కుకు పిట్టలను చూడ్డానికి తీసుకెళ్లాం. గోరువంకలు, పిగిలిపిట్టలు, తేనెపిట్టలు ఎప్పుడూ ఉండేవే, మీ మేడ మీంచైనా కనిపిస్తాయి. ఆ రోజు మాత్రం గట్టు పక్క తుప్పల్లోంచి తోక పిగిలిపిట్ట బయటికొచ్చింది. మగది. నిగనిగలాడే నల్లటి తల, దాని మీద చిన్న జుట్టు, ఒళ్లంతా తెలుపు, వెనక దాదాపు అడుగు పొడవున రెండు తోక ఈకలు. కొమ్మ మీంచి ఎగిరి గాల్లోనే పురుగును పట్టి మళ్లీ నీడలోకి వెళ్లిపోయేది. క్లాసులో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోని పిల్లలు కూడా కదలకుండా చూశారు. పక్క కొమ్మ మీద ఇటుకరంగు పిట్ట కనిపిస్తే ఇది వేరే జాతి అన్నారు కొందరు. కాదు, ఆడవి ఆ రంగులోనే పొట్టి తోకతో ఉంటాయి. మగవాటిలోనూ ఇటుకరంగువి ఉన్నాయి. కుర్ర మగపిట్టకు ఆ పొడుగు తోక రావాలంటే రెండు మూడేళ్లు పడుతుంది.

ఆదివారాలు మీరూ పిల్లలతో వెళ్తున్నారని తెలిసి చాలా సంతోషించాను. ఒక్కటే గట్టిగా చెబుతున్నాను: ఫోన్‌లో కూత పెట్టి పిట్టను పిలవకండి. తన చోటులోకి ఇంకొకటి వచ్చిందనుకుని అది తిండి మానేసి వెతుక్కుంటుంది. ఫొటో దొరకకపోయినా ఫర్వాలేదు.

ఈ రోజుల్లోనే పొన్నంకి పిట్ట కూడా హిమాలయాల దిగువ అడవుల నుంచి దక్షిణాదికి, శ్రీలంక దాకా వెళ్తుంది. పొద్దున్నే, సాయంత్రం రెండు స్వరాల ఈల వేస్తుంది. తమిళులు దాన్ని ఆరుగంటల పిట్ట అంటారు. రాత్రి ప్రయాణంలో అలసిపోయి ఒక్కోసారి ఇళ్ల దగ్గర పడిపోతుంది. మీ వాకిట్లో కనిపిస్తే నోట్లో నీళ్లు పోయకండి. గాలి ఆడేలా కన్నాలు పెట్టిన అట్టపెట్టెలో, పిల్లులు రాని చోట, చీకటిగా ఉంచండి. తేరుకున్నాక చెట్ల దగ్గర వదిలేయండి. దెబ్బ తగిలి ఉంటే అటవీశాఖ వారికి చెప్పండి.

నవంబరు 12 పక్షి శాస్త్రవేత్త సలీం అలీ గారి పుట్టినరోజు. ఆ వారంలో పిట్టలను చూడ్డానికి వెళ్లడం ఆరో తరగతి వంతు. పిల్లలకు మెరిసే బట్టలు కాకుండా ఆకుపచ్చవో మట్టిరంగువో వేయండి. మంచినీళ్ల సీసా, పెన్సిలు, చిన్న నోట్‌బుక్కు చాలు. ఇంట్లో బైనాక్యులర్ ఉంటే పంపండి, అందరం పంచుకుంటాం. తోడు రాగలిగిన అమ్మలు, నాన్నలు క్లాస్ టీచరుకు పేరు ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు