ఇంగ్లండ్‌లో అద్దె ఇల్లు: ఏజెంటు అడిగిందల్లా కట్టాలా?

సంపాదకులకు,

నమస్కారం. మన రెండు రాష్ట్రాల నుంచి ఇంగ్లండ్‌కు చదువుకోవడానికి వచ్చే పిల్లల ఫీజులు, వీసాలు, విద్యారుణాల గురించి మీ పత్రికలో తరచూ చదువుతుంటాను. అయితే వాళ్లు ఇక్కడ దిగిన మొదటి వారంలోనే తల్లిదండ్రుల చేత లక్షల రూపాయలు పంపించే మరో ఖర్చు ఉంది. లెటింగ్ ఏజెంటు ద్వారా ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ముందుగా కట్టే డబ్బు అది. దాని గురించి చర్చ పెద్దగా కనిపించదు. బర్మింగ్‌హామ్‌లో చాలాకాలంగా ఉంటున్నవాణ్ని కాబట్టి, ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఊళ్లోని బంధువులు ఫోన్ చేసి "ఏజెంటు ఇంత అడుగుతున్నాడట, పంపమంటారా?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు నేను చెప్పే జవాబు మరికొందరికీ ఉపయోగపడుతుందని ఈ లేఖ రాస్తున్నాను.

అడిగిన మొత్తాన్ని తల్లిదండ్రులు వెంటనే నమ్మేయడానికి కారణం లేకపోలేదు. హైదరాబాద్‌లో ఇల్లు మారినవారికి బ్రోకరుకు నెల అద్దె కమీషన్‌గా ఇవ్వడం, ఓనరుకు రెండు మూడు నెలల అడ్వాన్సు కట్టడం, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు పేరుతో అందులో కొంత వదులుకోవడం అలవాటే. అక్కడ ఎంత కట్టాలన్నది ఓనరు పట్టుదల మీద, మన బేరం మీద ఆధారపడి ఉంటుంది. ఇంగ్లండ్‌లో అలా కాదు. 2019 జూన్ 1న అమల్లోకి వచ్చిన టెనెంట్ ఫీజెస్ చట్టం, అద్దెకు దిగేవారి నుంచి ఏయే పద్దుల కింద డబ్బు తీసుకోవచ్చో తానే పేర్కొంది. అద్దె, డిపాజిట్, ఇల్లు అట్టిపెట్టడానికి ఇచ్చే హోల్డింగ్ డిపాజిట్, కరెంటు, నీళ్లు, స్థానిక కౌన్సిల్‌కు కట్టే కౌన్సిల్ ట్యాక్స్ వంటి బిల్లులు, తాళం పోగొట్టుకోవడం లేదా అద్దె బాగా ఆలస్యం చేయడం వంటి మన పొరపాట్లకు అయ్యే ఖర్చు, మన కోరికపై ఒప్పందం మార్చినా, గడువుకు ముందే ముగించినా అయ్యే రుసుము మాత్రమే ఆ జాబితాలో ఉన్నాయి. అందులో లేనిది అడగడమే చట్టవిరుద్ధం. ఇల్లు చూపించినందుకు, అద్దెదారు గురించి ఇతరులు ఇచ్చే రిఫరెన్సులు పరిశీలించినందుకు, ఒప్పందం రాసినందుకు, ఇంట్లోని సామాను జాబితా (ఇన్వెంటరీ) తయారుచేసినందుకు, చివరికి 'అడ్మిన్' అనే ఏ అర్థమూ లేని పేరుతోనైనా సరే, ఏజెంటు పిల్లల దగ్గర పైసా తీసుకోకూడదు. ఏజెంటు పనిచేస్తున్నది ఇంటి యజమాని కోసం కనుక అతని కమీషన్ యజమానే ఇచ్చుకోవాలి.

డిపాజిట్‌కూ పరిమితి ఉంది. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. అంతకంటే ఖరీదైన ఇళ్లకు ఆరు వారాలు, కానీ విద్యార్థులకు ఆ ఇళ్లతో పని తక్కువ. ఇక్కడ లెక్కలో ఒక చిన్న మెలిక ఉంది. నెలకు 1,200 పౌండ్ల ఇంటికి వారం అద్దె ఎంత అంటే మనం వెంటనే నాలుగుతో భాగించి 300 అంటాం, కొందరు ఏజెంట్లూ అలాగే అంటారు. సరైన పద్ధతి పన్నెండు నెలల అద్దెను 52 వారాలకు పంచడం. అప్పుడు వారానికి 276.92 పౌండ్లు, ఐదు వారాలకు 1,384.61 పౌండ్లు వస్తుంది. 1,500 అడిగితే ఆ 115 పౌండ్ల తేడా చట్టం ఇవ్వమన్నది కాదు. అంటే ఆ ఇంటికి తాళాలు చేతికి వచ్చేలోపు డిపాజిట్, మొదటి నెల అద్దె కలిపి దాదాపు 2,585 పౌండ్లు కావాలి. నలుగురు కలిసి తీసుకుంటే ఆ మొత్తాన్నే నలుగురూ పంచుకుంటారు, మనిషికొక డిపాజిట్ అని మళ్లీ కలపడానికి వీల్లేదు.

హోల్డింగ్ డిపాజిట్ విషయంలో మాత్రం పిల్లలదీ కొంత బాధ్యత ఉంది. అది ఒక వారం అద్దెకు మించకూడదు, ఒకే ఇంటికి ఒకేసారి ఇద్దరి దగ్గర తీసుకోకూడదు. వేరే గడువు రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే 15 రోజుల్లో ఒప్పందం తేలాలి. ఒప్పందం కుదిరితే ఆ డబ్బును మొదటి అద్దెలోనో డిపాజిట్‌లోనో జమ చేసుకోవాలి లేదా తిరిగి ఇవ్వాలి. యజమాని మనసు మార్చుకుంటే ఏడు రోజుల్లోగా వెనక్కి ఇవ్వాలి. కానీ మనమే వెనక్కి తగ్గినా, దరఖాస్తులో తప్పుడు వివరాలు రాసినా, వీసా వంటి పత్రాలతో దేశంలో అద్దెకు ఉండే హక్కు నిరూపించుకోలేకపోయినా ఆ డబ్బు పోతుంది. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని రెండు మూడు ఇళ్లకు హోల్డింగ్ డిపాజిట్ కట్టి, చివరికి ఒకదానిలో దిగే పిల్లలు మిగతావాటి డబ్బు వదులుకోవాల్సి వస్తున్నది ఇందుకే. పార్ట్‌టైమ్ జీతాన్ని కాస్త పెంచి రాస్తే ఏమవుతుందిలే అనుకోవడమూ ఇక్కడ పనికిరాదు.

తల్లిదండ్రులను నిజంగా కుంగదీసేది ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమనడం. అద్దె కట్టకపోతే తాను కడతానని పూచీపడే గ్యారంటర్ బ్రిటన్‌లో ఎవరూ లేని విదేశీ విద్యార్థిని అలా అడగడం ఏళ్ల తరబడి మామూలైపోయింది. వీసా కోసం అప్పు తెచ్చి 28 రోజులు ఖాతాలో చూపించి, ఆ తర్వాత తిరిగి ఇచ్చేసిన కుటుంబానికి ఇది పిడుగులాంటి వార్త. నాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాంటి పరిస్థితిలోనే ఇల్లాలి నగలు కుదువపెట్టింది. 2025 అక్టోబరులో ఆమోదం పొందిన రెంటర్స్ రైట్స్ చట్టం ఈ పద్ధతికి అడ్డుకట్ట వేసింది. 2026 మే 1 నుంచి కొత్త ఒప్పందాల్లో, సంతకాలకు ముందు అద్దె తీసుకోకూడదు, సంతకాల తర్వాతా ఒక నెల అద్దెకు మించి ముందస్తుగా అడగకూడదు. విశ్వవిద్యాలయ హాస్టళ్లకు ఈ నియమం వర్తించదన్నది మాత్రం గమనించాలి. గ్యారంటర్ సమస్య ఇంకా ఉంటుంది. కొన్ని విశ్వవిద్యాలయాలు తమ విద్యార్థులకు తామే గ్యారంటర్‌గా నిలుస్తాయి కాబట్టి, ప్రైవేటు గ్యారంటర్ సంస్థకు డబ్బు కట్టేముందు విశ్వవిద్యాలయ వసతి విభాగాన్ని ఒకసారి అడగడం మంచిది. అలాగే డిపాజిట్ లేకుండానే ఇల్లు ఇస్తామంటూ దానికి బదులు చిన్న రుసుము కట్టమనే పథకాలూ ఉన్నాయి. ఆ రుసుము తిరిగి రాదు, ఇంటికి నష్టం జరిగితే దాన్ని మళ్లీ మనమే భరించాలి. వద్దనుకుంటే మామూలు డిపాజిట్ కట్టే హక్కు ఉంటుంది.

కట్టిన డిపాజిట్ ఎక్కడ ఉంటుందన్నది మరో ముఖ్య విషయం. 2007 ఏప్రిల్ నుంచి సాధారణ అద్దె ఒప్పందాల డిపాజిట్‌ను ప్రభుత్వం ఆమోదించిన మూడు పథకాల్లో ఏదో ఒకదానిలో రక్షణకు ఉంచాలి. డిపాజిట్ ప్రొటెక్షన్ సర్వీస్, మైడిపాజిట్స్, టెనెన్సీ డిపాజిట్ స్కీమ్ అనేవి ఆ మూడు. డబ్బు అందిన 30 రోజుల్లోగా అందులో నమోదు చేసి, ఆ వివరాలను అద్దెదారుకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అలా చేయకపోతే డిపాజిట్‌కు ఒకటి నుంచి మూడు రెట్ల వరకు పరిహారం చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. ఖాళీ చేసేటప్పుడు వివాదం వస్తే పథకం తరఫున ఉచితంగా విచారణ జరుగుతుంది. కోత పెట్టాలనుకున్న యజమానే తన నష్టాన్ని రుజువు చేసుకోవాలి. వాడకంతో సహజంగా వచ్చే అరుగుదలకు డబ్బు కోయకూడదు. గోడ రంగు వెలిసిందని కొత్త రంగుల ఖర్చంతా పిల్లల నెత్తిన వేయడం ఇక్కడ చెల్లదు. అందుకే చేరిన రోజే ప్రతి గదినీ, పొయ్యినీ, కిటికీల మూలల్లోని బూజునూ ఫొటోలు తీసి ఏజెంటుకు ఈమెయిల్ చేయమని నేను చెబుతుంటాను.

ఇంతవరకు చెప్పినదంతా బోర్డు పెట్టుకున్న ఏజెంటు సంగతి. అతడు వివాద పరిష్కార పథకంలోనూ, ఖాతాదారుల డబ్బుకు రక్షణ కల్పించే పథకంలోనూ సభ్యుడిగా ఉండాలి, ఆ సభ్యత్వాన్ని కార్యాలయంలోనూ వెబ్‌సైట్‌లోనూ చూపించాలి. అక్రమంగా రుసుము తీసుకుంటే స్థానిక కౌన్సిల్‌లో వినియోగదారుల ఫిర్యాదులు చూసే ట్రేడింగ్ స్టాండర్డ్స్ విభాగానికి ఫిర్యాదు చేయవచ్చు. నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఏ బోర్డూ లేని మధ్యవర్తి. వాట్సాప్ గ్రూపులో "మనవాళ్ల ఇల్లు, ఒక బెడ్ ఖాళీ" అని పెట్టి, ఇల్లు చూపించకుండానే ఒక వ్యక్తిగత ఖాతాకు అడ్వాన్సు పంపమనే వాళ్లు ఉన్నారు. డబ్బు తీసుకునేటప్పుడు అన్నా, తమ్ముడూ అంటారు, రసీదు అడిగితే మాత్రం నొచ్చుకుంటారు. తానే అద్దెకు ఉంటూ, యజమానికి చెప్పకుండా ఇంకొకరికి గది ఇచ్చేవాళ్లూ తక్కువేమీ కాదు. గది ఇచ్చిన మనిషి అదే ఇంట్లో ఉంటుంటే, డిపాజిట్ రక్షణ పథకాల నియమం ఆ ఏర్పాటుకు సాధారణంగా వర్తించదు. డబ్బు తిరిగి రాకపోతే చిన్న మొత్తాల కోర్టుకు వెళ్లడమే మిగులుతుంది. కొత్తగా వచ్చి, వారానికి పరిమిత గంటలే పనిచేయగల విద్యార్థి అంత దూరం వెళ్తాడనుకోవడం అత్యాశ.

గ్లాస్గో, డండీ వంటి స్కాట్లండ్ నగరాలకు వెళ్లేవారికి నియమాలు వేరు. అక్కడ డిపాజిట్ రెండు నెలల అద్దె వరకు ఉండవచ్చు, లెటింగ్ ఏజెంటు ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదై ఉండాలి. వేల్స్‌కు ప్రత్యేక చట్టం ఉంది.

విద్యా కన్సల్టెన్సీలు ప్రయాణానికి ముందు పెట్టే సమావేశాల్లో ఏ సామాను తెచ్చుకోవాలో, ఏ సిమ్ కార్డు కొనాలో గంటల తరబడి చెబుతాయి. ఆ సమావేశాల్లోనే డబ్బు ఏ పద్దు కింద అడుగుతున్నారు, ఎవరి పేరు మీది ఖాతాకు వెళ్తోంది, డిపాజిట్ ఏ పథకంలో నమోదవుతుంది అన్న మూడు ప్రశ్నలు పిల్లలకూ తల్లిదండ్రులకూ నేర్పించాలని కోరుతున్నాను. విదేశీ విద్యకు ఉపకార వేతనాలు ఇస్తున్న సంక్షేమ శాఖలు కూడా ఎంపికైన విద్యార్థులకు ఈ వివరాలను తెలుగులో ఒక పేజీ ముద్రించి ఇవ్వవచ్చు. మీ పత్రిక సెప్టెంబరు ప్రవేశాలకు ముందే, జూన్‌లోనో జులైలోనో, దీనిపై వివరమైన కథనం ప్రచురిస్తే, ఏజెంటు పంపిన బిల్లు చేతిలో పట్టుకుని ఫోన్ చేసే తల్లిదండ్రులు దాన్ని ఒక్కో పద్దుగా సరిచూసుకోగలుగుతారు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు,
బర్మింగ్‌హామ్, ఇంగ్లండ్